సుంకమ్మకు చెప్పని మాట

దీనికీ నెర్రె ఉంది, అయ్యో దేవుడా, సుంకమ్మత్త ఈ బండను కూడా బాగుందని లారీ వైపు పెట్టేసింది, పాలిషు మిషను నుంచి వచ్చిన నల్లబండ ఎండకు ఆరుతుంటే రంగు తేలిపోతుంది, నెర్రె పడినచోట మాత్రం తడి సన్నగా దారంలా నిలుస్తుంది, తాడిపత్రిలో ఈ ఫ్యాక్టరీకి వచ్చిన కొత్తలో ఆ తడిని చూడడం ఎలిజబెత్‌కు నేర్పింది సుంకమ్మే, ఆడ కాదు మే, ఈడ సూడు అని, ఇప్పుడు ఆమె కళ్లకే మసక, ఆ మాట ఎట్లా అనడం, తను సూపర్‌వైజర్ అయి నెల కాలేదు, అప్పుడే పెద్దరికం వెలగబెడుతోందంటారు, అందుకే సుంకమ్మ టీకి పోయినప్పుడల్లా ఆమె బండలన్నీ తనే మళ్లీ చూసి చెడ్డవాటిని పక్కకు లాగుతోంది, ఇక మిగతావాళ్లను చూసే తీరికేదీ, మొన్న వాళ్లవైపు నుంచి పోయిన లోడు నెర్రెలున్నాయని అట్లాగే వెనక్కి వచ్చింది, కొత్త సూపర్‌వైజర్లకని అనంతపురం హోటల్లో పొద్దంతా ట్రైనింగ్ ఇచ్చారు, అందరినీ కలుపుకుపోవాలన్నారు, పెద్దామెకు తప్పు చెప్పేదెట్లా అని అడగబోయేసరికి భోజనాలకు లేచారు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేనేజర్ ఉదయ్ కుమార్ చెప్పనే చెప్పాడు, ఏమన్నా తెలీకుంటే నన్నడుగమ్మా, సిగ్గుపడాకు అని, అడిగితే కదా, పొద్దున ఆయనే వచ్చి, ఇంగో లోడు తిరిగొస్తే నిన్ను మళ్లా బండలు కడిగేదానికే పంపల్ల, నా చేతుల్లో ఏం లేదు అన్నాడు, ఆయన తప్పేముంది.

ఏం మే, నా బండలు లాగుతాండావా, వెనక సుంకమ్మ, చేతిలో టీ గ్లాసు, లేదత్తా, ఊరికే, ఊరికేనా, నాకు సూపు తగ్గిందని నాకు తెల్దా, నీ నోటితో చెప్తావని సూస్తాండా, నా పనంతా నువ్వే చేసిపెడితే రేపు ఓనరు నన్నెందుకు పెట్టుకుంటాడు మే, పో అంటే యాడికి పోదును అంది సుంకమ్మ, ఎలిజబెత్‌కు చెంప చెళ్లుమన్నట్టయింది, జాలి అనుకుంది ఇన్నాళ్లూ, జాలి ఎక్కడిది, మంచిదనిపించుకోవాలనే ఆశ, చెడ్డపేరొస్తుందని భయం, ఆ భయంతో ఈమె కూటికే ఎసరు పెట్టింది.

అత్తా, ఈ బండకు నెర్రె ఉండాది, నీకు కనపడలేదు, కండ్లు సూపించుకునేదాకా కడిగేకాడ నిలబడు, చూసేది ఇంగొకరికిస్తా అంది, అనేసింది, సుంకమ్మ తిట్టింది, నిన్న మొన్న వచ్చి నాకు చెప్తావా అని నలుగురూ వినేట్టు తిట్టింది, తిడుతూనే పోయి కడిగే దగ్గర నిలబడింది, ఎలిజబెత్ మిగతావాళ్ల బండలు చూడ్డానికి నడిచింది, తనకు జీతం ఇచ్చేది ఈ తిట్లు తినేందుకే.