గొంతు కింది గీత

మైనాలు ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నాయి.

పెరట్లో బాదంచెట్టు. ఆకుల మధ్య తడి ఎండ. ఆ నిశ్శబ్దంలోకి అది వచ్చి వాలింది. పావురమంత కూడా లేదు— చూపు మాత్రం డేగ చూపే.

కనకలక్ష్మి చేతిలో చీపురు ఆగిపోయింది.

ఏది ఇది?

వలస వచ్చిన డేగా… నికోబార్ డేగా?

రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయని మొగుడు లక్ష్ముడు చెప్పేవాడు. నికోబార్‌లోని కచ్చాల్ దీవిలో ఫారెస్టు గార్డు అతను. సెలవుకు షాదీపూర్‌లో ఇంటికి వస్తే పెళ్లానికి చీరలు తెచ్చేవాడు కాదు, పిట్టల కబుర్లు తెచ్చేవాడు. గొంతు కింద నల్లగీత ఉంటే వలసది. చలికాలంలో వస్తుంది, ఎండలు ముదిరితే పోతుంది. గీత లేకపోతే నికోబార్‌ది. అక్కడే పుడుతుంది, ఆ అడవి విడిచి రాదు.

సునామీ వచ్చింది. కచ్చాల్ ఒడ్డున అతని క్వార్టర్ లేదు. అతను లేడు. శవమూ లేదు.

ఏడాది కావస్తోంది… ఫీనిక్స్ బే రేవులో ఓడ ఆగితే చాలు, ఆమె కాళ్లు అటే లాగుతాయి. దిగే ప్రతి ముఖమూ చూస్తుంది. "దీదీ, జహాజ్ ఖాళీ" అని, ఓడలో ఇంకెవరూ లేరని కూలీ చెప్పాక కూడా నిలబడుతుంది.

గీత లేని డేగ సముద్రం దాటి ఇంత దూరం వచ్చిందంటే— అతనూ రావచ్చు.

పిచ్చి లెక్క. ఆమెకూ తెలుసు. అయినా డేగ గొంతు కనబడాలని చూస్తోంది.

తిరుగు. ఇటు తిరుగు.

వద్దు… తిరగకు.

అత్త కాసులమ్మ అరుగు మీంచి కేకేసింది. "ఏటే, అలా నిలబడిపోనావు? రేపు పంతులొచ్చేసరికి ఇల్లు కడగాల. దర్భలతో బొమ్మ సేసి కర్మ సేసేత్తారంట. ఇంకెన్నాళ్లు ఆణ్ణి గాల్లో ఉంచుతావు?"

రోజూ ఇదే పోరు. కనకలక్ష్మికి ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది— అత్త మీద, పంతులు మీద, ఆ సముద్రం మీద.

డేగ మెడ ఎత్తింది.

తెల్లని గొంతు. మధ్యలో సన్నగా, నల్లగా… గీత.

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచింది.

గీత ఉంది.

వెనక అడుగుల చప్పుడు. శుక్లాలు కమ్మిన కళ్లతో కాసులమ్మ చెట్టుకేసి చూస్తోంది. కోడలి మోచెయ్యి పట్టుకుంది.

"డేగేనా?… గీతుందేటే?"

కొడుకు ఈవిడకూ చెప్పాడన్నమాట. ఈవిడా ఇన్నాళ్లూ చెట్లకేసి చూస్తోందన్నమాట.

"నేదత్తా" అంది కనకలక్ష్మి.

కాసులమ్మ కోడలి మోచెయ్యి వదల్లేదు.

"అయితే… పంతుల్ని రేపు రావద్దని సెప్పేయే."