రెండు తాళాల గది

నేను ఒక తాళం కప్పను. ఇత్తడి ఒళ్ళు, లోపల ఏడు లీవర్లు, పుట్టిల్లు అలీగఢ్. ఏ దొంగా తెరవలేడని నా అట్టపెట్టె మీద రాసుంది. దొంగల సంగతి నాకు తెలియదు. నేను ఆపింది మాత్రం ఐదో తరగతి లోపు పిల్లల్ని.

నేను వచ్చి చేరిన ఊళ్ళో జీడిపిక్కల ఫ్యాక్టరీలు ఎక్కువ. ఆడవాళ్ళు ఆరింటిదాకా పప్పు ఒలుస్తారు. బడి నాలుగింటికే వదులుతారు. ఆ రెండు గంటలూ పిల్లలు లారీల మధ్య తిరుగుతున్నారని తల్లులు మొరపెట్టుకుంటే, పేటలో పాడుబడ్డ రేషన్ డిపోకు సున్నం కొట్టించి 'బాలల సాయంకాల సురక్షా కేంద్రం' అని బోర్డు పెట్టారు. చాపలు, బొమ్మల పుస్తకాలు, క్యారమ్ బోర్డు, ఫ్యాను, అన్నీ అమర్చారు. చూసుకోవడానికి తవిటమ్మ అనే ఆయాను పెట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ కమిటీ లేకుండా మంచిపని ఎలా జరుగుతుంది?

అధ్యక్షులు జగన్నాథం మేష్టారు, రిటైరైన హెడ్మాస్టరు. కార్యదర్శి కామేశం గారు, కిరాణా వ్యాపారి. బోర్డు మీద ఎవరి పేరు పైనుండాలన్న దగ్గర ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. క్యారమ్ బిళ్ళలు పోతే పూచీ ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు మేష్టారు గుడి హుండీని గుర్తుచేశారు. హుండీకి రెండు తాళాలు, చెవులు చెరొకరి దగ్గర. ఇద్దరూ వస్తేనే తెరవాలి. వాళ్ళిద్దరూ కలిసి ఒప్పుకున్న తీర్మానం అదొక్కటే. తలుపుకు పైన ఒక గొళ్ళెం, కింద ఒక గొళ్ళెం బిగించారు. పైదానికి నేను, కిందిదానికి కామేశం గారి తాళం. నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. నా చెవిని మేష్టారు జంధ్యానికి కట్టుకున్నారు.

ప్రారంభోత్సవం నాడు ఫొటో కోసం గది తెరిచారు. ఆ తర్వాత నాలుగింటికి మేష్టారు వస్తే కామేశం గారికి కొట్లో బేరం. కామేశం గారికి తీరికైతే మేష్టారికి కునుకు. చెవి పరాయి చేతికి ఇవ్వడం నియమ విరుద్ధం. తవిటమ్మ పిల్లల్ని మెట్లమీదే కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేది. రెండో తరగతి మోక్షిత తలుపు సందుకు కన్ను ఆనించి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేది. రోజూ మూడే ఉండేవి. లోపల చాపలు ఎంతో సురక్షితంగా ఉండేవి.

ఒక సాయంత్రం జల్లు పడింది. పిల్లలు తలోదిక్కు పరిగెత్తారు. మోక్షిత కనిపించలేదు. కబురు అందుకుని తల్లి దమయంతి పని మధ్యలో వదిలి వచ్చింది. చివరికి జీడిపిక్కల లారీలో, బస్తాల మధ్య నిద్రపోతూ దొరికింది పిల్ల. డ్రైవరు అప్పటికే బండి స్టార్టు చేశాడు. ఫ్యాక్టరీలో మేస్త్రీ, ఇంకోసారి ఇలా మధ్యలో లేచిపోతే మళ్ళీ రానక్కర్లేదని దమయంతికి చెప్పేశాడు.

మర్నాడు ఉదయం కమిటీ నా ఎదుటే, వరండాలో కూర్చుంది. చాలాసేపు విచారించి, మెట్ల చుట్టూ తాడు కట్టించాలని నిర్ణయించింది.

"తాడు పసువులకి కడతారు బాబూ," అంది పనికి పోతూ అక్కడ ఆగిన దమయంతి. "ఆ తలుపు తియ్యండి."

మేష్టారు జంధ్యం తడుముకున్నారు. "నాది సిద్ధమేనమ్మా. ఆయన్ని అడుగు."

"నాదీ సిద్ధమే. ముందు వారిని తియ్యమను," అన్నారు కామేశం గారు గోడకేసి చూస్తూ.

దమయంతి నడుముకున్న సంచిలోంచి జీడిపప్పు పొట్టు తీసే కత్తి తీసింది. నేను బిగుసుకున్నాను, ఏడు లీవర్లూ పౌరుషంతో. ఆమె నన్ను ముట్టుకోనే లేదు. గొళ్ళేనికి నాలుగు మరలు. అవి బయటివైపే ఉన్నాయని ఏ సమావేశంలోనూ ఎవరూ గమనించలేదు. జీడి రసానికి నల్లబడిన వేళ్ళతో ఒక్కొక్కటీ తిప్పింది. నేను గొళ్ళెంతో సహా ఊడి వచ్చాను. వెనకే నా జోడీ కూడా.

"తాళాలు పగలగొట్టనేదు. సూసుకోండి," అని మమ్మల్నిద్దర్నీ చెరొకరి చేతిలో పెట్టింది. "ఇయి మీవి. గది పిల్లలది."

మేష్టారు నన్ను అటూ ఇటూ తిప్పి చూశారు. పగలలేదు, నియమం చెక్కుచెదరలేదు. ఇద్దరూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'తాళములు క్షేమము' అని పుస్తకంలో రాసి సంతకాలు పెట్టారు. ఎవరి సంతకం పైనుండాలన్న దగ్గర కాస్త ఆలస్యమైంది.

ఇప్పుడు తవిటమ్మ నాలుగింటికి తలుపు తోస్తుంది. గాలికి మూసుకుపోకుండా, మేష్టారు వరండాలోనే వదిలేసి వెళ్ళిన నన్ను దాని కింద పెడుతుంది. ఆరున్నరకు దమయంతి వచ్చేసరికి మోక్షిత ఫ్యాను కింద బొమ్మల పుస్తకం మీద బోర్లా పడుకుని ఉంటుంది. నా చెవి ఇప్పటికీ మేష్టారి జంధ్యానికే ఉంది. ఆ ఫొటో రోజు తర్వాత నన్ను ఎవరూ తెరవలేదు. నా గొళ్ళేన్ని కరిచిపట్టుకుని, ఏడు లీవర్లతో, నేను నియమం ప్రకారం మూసుకునే ఉన్నాను.