లంగరు తాడు రెండో కొస

మా పడవలో ‘వదులు’ అనే మాట ఎవరూ అనరు. ‘తాడు ఇవ్వు’ అంటాం, ‘ఇంకాస్త ఇవ్వు’ అంటాం. కొత్తగా వచ్చిన కోడళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ మాట పోయింది మా ఆడపడుచు వల్లేనని అందరూ అనుకుంటారు. అసలు సంగతి వేరు.

అప్పటికి నాకు పెళ్లయి నాలుగేళ్లు. పడవలో ముగ్గురం. వెనక తెడ్డుతో మా ఆయన, మధ్యలో వల సర్దుతూ నేను, ముందు పడవ ముక్కు దగ్గర లంగరుతో ఆడపడుచు. మనిషి పొడుగు, అందుకే ‘నిచ్చెన’ అనేవారు. పడవంటే తనకి ప్రాణం.

ఎగువన వానలు పడి ఆ రోజు నది మహా ఉరవడిగా ఉంది. పారే నీటిలో లంగరు తాడు ముక్కుకే కట్టాలి. వెనక కట్టామా, నీళ్లు ఎక్కి పడవ మునుగుతుంది. తాడు లోతుకి నాలుగైదింతలు పోవాలి, అప్పుడే లంగరు పడుకుని మట్టిని పట్టుకుంటుంది. ఇదంతా నిచ్చెనకి నాకంటే బాగా తెలుసు. లంగరు వేసింది.

"వదులు! ఇంకా వదులు!" అని మా ఆయన వెనక నుంచి అరుస్తున్నాడు. తను వదులుతూ పోయింది. చివరికి కొస కూడా చేతుల్లోంచి జారి నీళ్లలో పడిపోయింది. ఆ కొస ముక్కు దగ్గరి ఇనప రింగుకి కట్టి ఉండాలి. లేదు.

పడవ అడ్డం తిరిగి, దిగువనున్న వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోయింది. నిచ్చెనే తేరుకుని, సీసపు గుండ్లున్న వలని రింగుకి కట్టి నీళ్లలోకి తోసింది. వల అడుగున దేన్నో పట్టుకుంది. స్తంభానికి రెండు బారల దూరంలో ఆగాం. అవతలి పడవవాళ్లు వచ్చి మమ్మల్ని ఒడ్డుకి లాక్కెళ్లారు.

దిగగానే మా ఆయన చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"వదులు అంటే వదిలేయడమా? రేపు ఊపిరి వదలమంటే అదీ వదిలేస్తావా?"

"నేను వదల్లేదన్నయ్యా. కొస దానంతటదే వచ్చేసింది."

"ముడి చూసుకోవద్దూ? ఇంకోసారి పడవ ఎక్కావంటే ఊరుకోను!"

తను నా వైపు ఒక్కసారి చూసింది. నేను చీర కుచ్చిళ్లు పిండుకుంటున్నాను, పిండడానికి నీళ్లు లేకపోయినా.

ముందురోజు ఆ ముడి విప్పింది నేనే. దుప్పట్లు ఆరేసుకోవడానికి తాడు పట్టుకెళ్లాను. సాయంత్రం ఒక కొస లంగరుకి కట్టి, చుట్ట చుట్టి పడవలో పడేశానే గానీ, రెండో కొస రింగుకి కట్టడం మరిచాను.

మూడు రోజులు నిచ్చెన ఇంట్లోనే కూర్చుని చిరిగిన వల బాగుచేసింది. పడవ వైపు కన్నెత్తి చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇక నా వల్ల కాలేదు.

"ఏమండీ, ఆ ముడి విప్పింది నేను."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

నిచ్చెన కొంగు ముడి విప్పి, నీలం రంగు బట్టల క్లిప్పు ఒకటి నా కంచం పక్కన పెట్టింది.

"తాడు మీద ఉండిపోయింది వదినా. ఆ రోజే చేతికి తగిలింది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వే చెప్తావనుకున్నా."

మా ఆయన ఇద్దరినీ చూసి, "సరే, తప్పంతా ఆ ‘వదులు’ అనే మాటదే పొండి" అని చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు నిచ్చెన మళ్లీ పడవ ఎక్కింది.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు కలిసి వేటకెళ్లాం. ఒకరి పిల్లలకి ఒకరం నీళ్లు పోశాం, అన్నాలు పెట్టాం. కానీ ముడి నేను వేశానంటే చాలు, నా కళ్ల ముందే వచ్చి రెండుసార్లు గట్టిగా లాగి చూసుకునేది.