అత్తగారి సంచిలో ఊపిరి

నేను ఒక పిడికెడు యంత్రాన్ని. మందునీళ్లను మంచుపొగలా మార్చి, ఎగదన్నే ఆయాసాన్ని అణచడం నా పని. నెబ్యులైజర్ అని నా పేరు, నరసరావుపేటలో మాత్రం ఆవిరి మిషను అంటారు. ఫ్యాక్టరీలో నాకు రెండు బ్యాటరీలు పెట్టారు గానీ మాట పెట్టలేదు. అదెంత లోటో తరువాత తెలిసింది.

నన్ను కొన్నది సుభాషిణి. ఆమె తొమ్మిది నెలల కూతురు చిన్మయి న్యుమోనియాతో వారం రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చిన రోజది. ప్రయాణం చేయొచ్చు గానీ మిషను దగ్గరుండాలన్నాడు డాక్టరు. ప్రయాణం ఒంగోలుకు, ఆడపడుచు నిశ్చితార్థానికి. సుభాషిణి నన్ను మందుతో సహా పాలసీసాల సంచిలో సర్దింది. ఆమె పిల్లకు గౌను తొడిగేలోగా అత్తగారు కోటమ్మ నన్నూ మందునూ తీసి తన సంచిలో, పట్టుచీర మడతలో దాచేసింది. వ్యానులో పెళ్లికొడుకు మేనత్త కూడా వస్తోంది మరి. ఈ ఇంట్లో ఉబ్బసం ఉందని ఆమె అనుకుంటే సంబంధం చెడుతుందని భయం. మనుషులకు ఊపిరి కన్నా పరువే ముందు పుట్టింది కాబోలు.

చిలకలూరిపేట దాటాక పిల్లకు పిల్లికూతలు మొదలయ్యాయి. డొక్కలు ఎగరేస్తోంది. సుభాషిణి సంచి వెతికింది, చివరకు బోర్లించింది.

"అత్తయ్యా, మిషను కనపడట్లా. నే పెట్టానే."

"నువ్వెప్పుడు ఏది సరిగ్గా పెట్టావు గనక? ఇంట్లోనే మర్చిపోయుంటావ్."

"ఏం మిషనండీ?" అని అడిగింది మేనత్త.

"పాలు వేడిచేసేది లెండి వదినగారూ. పిల్లకి కాస్త జలుబు, అంతే."

నేను కోటమ్మ ఒడిలోనే ఉన్నాను. ఏడ్చే ఓపిక లేక మనవరాలు మూలిగినప్పుడల్లా ఆమె చేతులు నా మీద బిగుసుకున్నాయి. ఒకసారి వేలు జిప్పు దాకా వెళ్లింది. మేనత్త ఇటు తిరిగింది, వేలు వెనక్కి వచ్చింది. కోటమ్మను నేను అసహ్యించుకున్నాను.

పిల్ల పెదాలు నీలం తిరిగాక సుభాషిణి డ్రైవరు భుజం పట్టుకుని వ్యానును దారిలో కనపడిన ఆసుపత్రికి తిప్పించింది. పిల్ల బతికింది. నిశ్చితార్థమూ జరిగింది.

ఇల్లు చేరగానే కోటమ్మ నన్ను ఉయ్యాల పక్క అలమరలో పెట్టి వంటింట్లోకి పోయింది. తరువాత వచ్చిన సుభాషిణి నన్ను చూసి తల బాదుకుంది.

"ఇక్కడే ఉందండీ," అంది భర్తతో. "నేనే మర్చిపోయాను."

ఇప్పుడు చిన్మయికి ఏడేళ్లు. నాతో పనిలేక నన్ను అటకెక్కించారు. చుట్టాలొస్తే చాలు, "కన్నతల్లే మిషను మర్చిపోతే మనమేం చేస్తాం" అంటూ కోటమ్మ ఆ కథ ఎత్తుకుంటుంది.

నిన్న చిన్మయి అడిగింది, "నిజంగా మర్చిపోయావా అమ్మా?"

"మర్చిపోయానమ్మా," అంది సుభాషిణి.