యాభై వేల ఎంఏహెచ్ మహిమ

మా అమ్మాయి ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఫోన్‌లోనే. ఆ రోజంతా కరెంటు ఉండదని కరెంటాఫీసు వాళ్లు ముందే చెప్పడంతో ఒక పవర్ బ్యాంక్ కొన్నాను. దాని మీద సామర్థ్యం ఇరవై వేల ఎంఏహెచ్ అని పెద్దగానూ, ఫోన్‌కు అందేది పన్నెండు వేలేనని చిన్నగానూ రాసి ఉంది.

మా బావమరిది కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "బావా, నిలువునా మోసపోయావు! ఎనిమిది వేలు మింగేశారు."

"ఫోన్‌కు తగ్గట్టు వోల్టేజీ మార్చేటప్పుడు కొంత పోతుందటరా. కొట్టాయన చెప్పాడు."

"చెప్పడూ మరి!"

ఆ మేధావి దాన్ని తిరిగిచ్చేసి, అరచేతిలో ఇమిడే యాభై వేలది తెచ్చాడు. దాని మీద చిన్న అక్షరాలే లేవు. నేనూ నోరు మూసుకుని దాన్ని దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకున్నాను.

ఇంటర్వ్యూలో మూడో ప్రశ్న దగ్గర అది చల్లబడింది. మరో నిమిషానికి ఫోనూ ఆరిపోయింది.

"ఫోన్ పాతదమ్మా" అన్నాడు మేనమామ.

అమ్మాయి అతణ్ణి వదిలేసి నా వైపు చూసింది. "ఆ చిన్న అక్షరాలు మీరూ చదివారు కదా నాన్నా?"

దేవుణ్ణి తప్పుపట్టబోయి ఆగాను. నిజం రాసి ఉన్నదాన్నే ఆయన మొదట ఇంటికి పంపాడు. ఇంకా ఏం చేయాలి, పాపం?