ద్రాక్షకోతల ప్రభువు

రోఫ్రిదో రొట్టె తుంచి ముందు కుక్కకు వేశాడు. అది తిని తోక ఊపేదాకా ఆగి, అప్పుడు తాను నోట్లో పెట్టుకున్నాడు. కోటకు ప్రభువైన నాటి నుంచీ పొద్దున్నే ఇదే తంతు.

నలభై ఏళ్ళు అన్న నీడన బతికినవాడు. పందుల మందలు, ద్రాక్షతోటలు చూసుకున్నవాడు. మొద్దు వేళ్ళు, ఎండకు కమిలిన మెడ. మొన్న ద్రాక్షకోతలప్పుడు, ప్రభువుగా ఉన్న అన్న వేటలో గుర్రం మీంచి పడి చనిపోయాడు. చెప్పినట్టు వింటాడని సర్దార్లు ఇతణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. విన్నాడు కూడా, ఒక్క ఉప్పుకొట్టు విషయంలో తప్ప. చలికాలానికి మాంసం ఊరవేసుకోడానికి ఉప్పు లేక ఊరు అల్లాడుతుంటే కొట్టు తాళం తీయించాడు. సర్దార్లు ఎక్కువ ధరకు అమ్ముకుందామని దాచిన ఉప్పు అది. అప్పటి నుంచీ అతను సభలో అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి.

ఈవేళ మెట్ల దగ్గర కాపలావాళ్ళు కొత్తవాళ్ళు. పేర్లడిగితే చెప్పలేదు.

"వెనక తలుపున పోదాం రండి," అంది భార్య గైత, గొంతు తగ్గించి. "మా పుట్టింటికి చేరితే చాలు."

"అక్కడా మనుషులున్నారు. పొద్దున తోటకు పోయొస్తూ చూశాను. నువ్వు కూర్చో."

క్షవరం చేసే మౌరో వచ్చాడు. రోజూ ఒంటరిగా వచ్చేవాడు. ఇవాళ వెనక కత్తులతో నలుగురున్నారు. ముసలివాడి చేతిలో గిన్నె ఒలుకుతోంది. గద్దె దింపినవాణ్ణి ఆ దేశంలో రెండే రకాలుగా సాగనంపేవారు: కళ్ళు పొడిచి, లేదా తల గొరిగి మఠానికి పంపి.

రోఫ్రిదో బల్ల అంచు పట్టుకున్నాడు.

"కళ్ళా, జుట్టా?"

"జుట్టే, చిన్నదొరా." మౌరో ఏడుస్తున్నాడు. "ఒట్టు. జుట్టే."

"మరి ఏడుస్తావేంటయ్యా? చెయ్యి వణికితే నా చెవి పోతుంది."

గైత మొహం చేతుల్లో దాచుకుంది. కత్తి ఆడినంతసేపూ అతను రెప్ప వాల్చలేదు. కిటికీలోంచి కనబడినంత మేరా తోటల్నే చూస్తూ ఉన్నాడు.

"ఉప్పు అందరికీ అందిందా, మౌరో?"

"మా ఇంట్లో రెండు జాడీలు నిండాయి దొరా."

మధ్యాహ్నం కంచరగాడిద మీద మఠం దారి పట్టాడు. వీధిలో కొందరు తలుపు ఓరగా తీసి టోపీ తీశారు. గైతను పుట్టింటికి పంపేశారు. పొద్దు వాలకముందే గద్దె మీద రోఫ్రిదో పినతండ్రి కొడుకు కూర్చున్నాడు.

సన్యాసికి ఇవెందుకని విప్పించిన బూట్లు కోటలో అతని గది గుమ్మం పక్కనే ఉండిపోయాయి. మడమలు అరిగి, కుట్ల సందుల్లో తోటమట్టి ఇంకా తడి ఆరకుండా.