ఫైబర్ బండ

నెల తిరిగినా అత్త అసిరమ్మ తన ఇంటికి రాకపోయేసరికి ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది. ఇద్దరు కొడుకుల దగ్గరా నెలకొకరింట ఉండాలని వంతు. ఇళ్లా, పక్కపక్కనే, నడుమ ఒక్క గోడ. అయినా ముసలమ్మ చిన్నకోడలు శైలజ గడప దాటడం లేదు. ఎందుకు దాటుతుంది! శైలజ పాత ఇనప గ్యాసు బండ ఇచ్చేసి ఫైబర్‌ది తెచ్చిందిగా. "దూదిలాగున్నాదమ్మా, ఒంటిసేత్తో జరిపేస్తన్నాను, టీ తాగాలనిపిస్తే నానే పెట్టుకుంతన్నాను" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. ఆ మాట విన్నప్పట్నుంచి ఈశ్వరికి తిన్నది ఒంటబట్టడం లేదు. అత్తకి ఒక్క కోడలే ఉందా ఏమిటి?

మొగుడు ధనరాజ్‌ని బస్సెక్కించి విజయనగరం గ్యాసు ఏజెన్సీకి లాక్కుపోయింది. ఇనప బండలో పద్నాలుగు కిలోలు, ఫైబర్‌లో పదే పడుతుందని, పెద్ద ఇంటికి ఇనపదే మేలని అక్కడి ఆయన మర్యాదగానే చెప్పాడు. ధనరాజ్ తలూపాడు.

"నిజమేనే. బేగి అయిపోతే మల్లీ మల్లీ బుక్ సెయ్యాల."

"మీ తమ్ముడింట్లో అయిపోతన్నాదా? ఆళ్లకి లేని నొప్పి మనకేటి?"

ఏజెన్సీ ఆయన ఫైబర్ బండని వెలుగుకి పెట్టి లోపల గ్యాసు ఎంతవరకూ ఉందో చూపించాడు. ఈశ్వరి కళ్లు జిగేల్మన్నాయి. ఇక ధనరాజ్ మాట ఎవరికి కావాలి?

ఫైబర్ బండ ఇంటికి చేరిన మర్నాడే అసిరమ్మ బట్టల మూటతో వచ్చేసింది. ఈశ్వరి ఆనందం అంతా ఇంతా కాదు. బండని వీధిలోంచి కనపడేలా వంటగది గుమ్మం పక్కనే పెట్టింది. అత్త టీ పెట్టుకుని పొయ్యి ఆపడం ఆలస్యం, ఈశ్వరి బండ దగ్గర వంగి చూసేది.

"అత్తా, సూసినావా! పొద్దుటికీ ఇప్పటికీ ఎంత దిగిపోనాదో!"

అది ఆమెకి వింత, గొప్ప. ఎదురింటి మరిడమ్మని కూడా పిలిచి చూపించింది. "మా అత్త టీ పెడితే ఇదిగో, ఇంత దిగుతాది." మరిడమ్మ ముక్కున వేలేసుకుంది. అసిరమ్మ మాత్రం చెంగుతో గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయింది.

ఆ తర్వాత ఈశ్వరి టీ పెట్టుకోమంటే "వొద్దులేమ్మా, కడుపులో మంటగున్నాది" అంది. స్నానానికి వేణ్ణీళ్లు కాయబోతే చన్నీళ్లే సుఖమంది. వంతు సగమైనా కాకుండానే ఒక పొద్దున్న మూట కట్టుకుని మళ్లీ గోడ అవతలికి వెళ్లిపోయింది.

ఈశ్వరికి ఏడుపొక్కటే తక్కువ. మళ్లీ ఏం పెట్టి మరిగించిందో ఆ శైలజ! ఇన్నాళ్లుగా ఆ గడప తొక్కనిది, ఇవాళ విసురుగా లోపలికి పోయింది. అసిరమ్మ హాయిగా టీ కలుపుతోంది. పొయ్యి పక్కన ఫైబర్ బండకి పాత పూల నైటీతో కుట్టిన గౌను తొడిగి ఉంది.

"ఇదేటే? నా కళ్లు పడతాయనా కప్పెట్టినావు?"

శైలజ ఆమెని పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "కాదప్పా. తెచ్చిన కొత్తలో అత్త గ్యాసు దిగిపోడం సూసి టీ మానేసినాది. తనవల్లే అయిపోతన్నాదనుకున్నాది. అందుకే కనపడకుండా గౌను కుట్టినాను."

తన గుమ్మంలో తను ఎన్నిసార్లు వంగి చూసిందో, ఎంతమందికి చూపించిందో తలుచుకుంటే ఈశ్వరికి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ సిగ్గులోనూ ఈర్ష్య చావలేదు. ఈ గౌను ఆలోచన దీనికే ఎందుకు రావాలి? తనకెందుకు రాలేదు?

"అత్తా, ఇంటికి రా. నాను టీ పెడతాను" అంది.

అసిరమ్మ గ్లాసు ఆమె చేతిలో పెట్టి వెన్ను నిమిరింది.

"కూకో తల్లీ. మీ గ్యాసు బేగి అయిపోతాది, ఇక్కడే తాగెల్లు."